రాసి ఉన్నంతే తిరిగొస్తుంది

వేసవిలో కాపెల్‌లో రాత్రి తొమ్మిదైతే హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం ఏడున్నర. డల్లాస్ చుట్టుపక్కల ఈ తేడాను నమ్ముకుని సాగే తెలుగు ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. డెంటన్ ట్యాప్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో పిల్లలు పడుకున్నాక మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. ఆ వేళకే మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో మరొకరు లాగిన్ అవుతారు. ఇక మాటలు ఇంచుమించు ఇలా నడుస్తాయి:

“అన్నా, పేమెంట్ పాడ్ పడిపోతోంది, లేస్తోంది, మళ్ళీ పడిపోతోంది.”

“ఎగ్జిట్ కోడ్ ఎంత?”

“137.”

“అయితే కోడ్‌లో వెతక్కు. టెంప్లేట్‌లో మెమరీ లిమిట్ ఎంత రాశారో చూడు.”

137 అనగానే ఆయన ప్రోగ్రామును వదిలేసి టెంప్లేట్ అడగడానికి కారణం ఉంది. యూనిక్స్ సంప్రదాయంలో ఒక ప్రోగ్రామును బయటి సంకేతం చంపేస్తే, 128కి ఆ సంకేతం సంఖ్య కలిపి చెబుతారు. ఇక్కడ సంఖ్య 9. ఆ సంకేతం వచ్చాక ప్రోగ్రాముకు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. కంటైనర్లలో ఇది కనిపిస్తే చాలాసార్లు అర్థం ఒకటే: ప్రోగ్రాము తనకు రాసిపెట్టిన వాటాకు మించి మెమరీ వాడింది, లైనక్స్ కెర్నెల్ దాన్ని చంపింది. ఆ వాటాను రాసింది ఒక మనిషి, రాసి ఉన్నది ఒక చిన్న ఫైలులో. పాత రోజుల్లో కంప్యూటర్ గది అనేవాళ్ళం కదా, ఆ గది మొత్తం ఇప్పుడు ఇలాంటి కొన్ని ఫైళ్ళలో ఇమిడిపోయింది. గది కాలిపోయినా ఫైళ్ళుంటే మళ్ళీ కట్టొచ్చన్నది ఈ విద్యకు ఆధారమైన నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజం, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ అధ్యాయం.

ఆ మాటలు మొదలైన కాపెల్ చిన్న ఊరు. మొదట గిబ్స్ స్టేషన్ అనేవారు. తర్వాత రైల్వేలకు పెట్టుబడి సమకూర్చిన జార్జ్ కాపెల్ పేరు పెట్టారు. 1955లో పురపాలక హోదా వచ్చింది. 1974 జనవరిలో పక్కనే డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం తెరుచుకున్నాక గిడ్డంగులూ ఇళ్ళూ పెరిగి, 2020 జనాభా లెక్కల నాటికి దాదాపు 43 వేలమంది అయ్యారు. క్లౌడ్‌తో, అంటే అద్దె కంప్యూటర్లతో, ఈ ప్రాంతానికి ఉన్న చుట్టరికం మాత్రం విమానాశ్రయం కంటే పాతది. 1962లో డల్లాస్‌లో రాస్ పెరో అనే మాజీ ఐబీఎం సేల్స్‌మన్ ఎలక్ట్రానిక్ డేటా సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టాడు. అతని దగ్గర కంప్యూటర్ లేదు. సౌత్‌వెస్టర్న్ లైఫ్ అనే బీమా కంపెనీకి ఐబీఎం 7070 ఉంది, దానికి ఖాళీ గంటలున్నాయి. పెరో ఆ గంటలను టోకున కొని ఇతర కంపెనీలకు చిల్లరగా అమ్మాడు. యంత్రం ఒకరిది, గంటలు ఇంకొకరివి, పని మూడోవారిది. 2006లో అమెజాన్ గంటల లెక్కన సర్వర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు అందరూ కొత్త వ్యాపారమన్నారు. డల్లాస్‌లో పాతకాపులు నవ్వుకునే ఉంటారు.

అయితే పెరో కాలంలో ఒక ఇబ్బంది ఉండేది. అద్దెకు తెచ్చుకున్న గంటలో మన పని నడవాలంటే ఆ యంత్రం మన పనికి తగ్గట్టు సిద్ధమై ఉండాలి. ఏ భాష అనువాదకం, ఏ టేపు, ఏ అమరిక అన్నది ఎవరో తెలిసినవాడు దగ్గరుండి చూడాలి. క్లౌడ్ వచ్చిన కొత్తలోనూ ఇదే గొడవ. సర్వర్ నిమిషంలో దొరికేది, దాన్ని పనికి సిద్ధం చేయడానికి మూడు రోజులు పట్టేది. సిద్ధం చేసినవాడు సెలవు పెడితే రెండో సర్వర్ మొదటిదానిలా ఉండేది కాదు.

దీనికి విరుగుడు ముక్కలుముక్కలుగా వచ్చింది. 1979లో యూనిక్స్ ఏడో సంచికలో ఒక ప్రోగ్రాముకు ఫైళ్ళ చెట్టులో ఒక కొమ్మను మాత్రమే చూపించి, అదే మొత్తం చెట్టని నమ్మించే ఆదేశం చేరింది. 2000లో ఫ్రీబీఎస్‌డీలో జైళ్ళు, 2004లో సోలారిస్‌లో జోన్లు వచ్చాయి. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన సీగ్రూప్స్ 2008 జనవరిలో లైనక్స్ కెర్నెల్‌లో కలిసింది. ఇవన్నీ వాడాలంటే కెర్నెల్ లోతులు తెలియాలి. 2013 మార్చిలో శాంటాక్లారాలో జరిగిన పైథాన్ సదస్సులో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్ అనే సాధనాన్ని చూపించాక, ఆ లోతులు తెలియనివాళ్ళ చేతికీ అవి అందాయి.

డాకర్ గుర్తు మీద తిమింగలం, దాని వీపు మీద ఓడ పెట్టెలు ఉంటాయి. 1956 ఏప్రిల్ 26న న్యూవార్క్ నుంచి 58 పెట్టెలతో ఐడియల్ ఎక్స్ అనే ఓడ బయల్దేరి టెక్సస్‌లోని హ్యూస్టన్ చేరిన కథ ప్రతి డాకర్ క్లాసులోనూ చెబుతారు. విడి సరుకు ఎక్కించడానికి టన్నుకు 5 డాలర్ల 83 సెంట్లయ్యే చోట ఈ పద్ధతిలో 16 సెంట్లు కూడా కాలేదు. కథ బాగుంటుంది గాని, దాన్ని పట్టుకుని ఎక్కువ దూరం వెళితే దారి తప్పుతాం. ఓడ పెట్టెకు ఉక్కు గోడలుంటాయి. లైనక్స్ కెర్నెల్‌లో కంటైనర్ అనే వస్తువే లేదు. ఉన్నవి రెండు ఏర్పాట్లు. నేమ్‌స్పేస్‌లు ప్రోగ్రాముకు ఒక అబద్ధం చెబుతాయి: ఈ యంత్రంలో నువ్వొక్కడివే, నీ నంబరు ఒకటి, ఈ నెట్‌వర్క్ అంతా నీదే అని. సీగ్రూప్స్ రేషన్ ఇస్తాయి: ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ అని. అబద్ధమూ రేషనూ కలిస్తే కంటైనర్.

ఆ రేషన్‌ను గమనించకపోతే ఏమవుతుందో జావా ప్రోగ్రామర్లు అనుభవించారు. జావా యంత్రం మొదలవగానే కంప్యూటర్‌లో మెమరీ ఎంతుందో చూసుకుని, ఎవరూ వేరే చెప్పకపోతే అందులో నాలుగో వంతు దాకా తనదనుకుంటుంది. పాత జావాలు సీగ్రూప్స్ రేషన్‌ను చూసేవి కావు, అసలు యంత్రాన్నే చూసేవి. 64 జీబీల సర్వర్ మీద 2 జీబీల రేషన్‌తో నడిచే కంటైనర్‌లో కూర్చుని, తనకు 16 జీబీలున్నాయన్న ధీమాతో చెత్త (వాడి వదిలేసిన మెమరీ) ఏరే పని వాయిదా వేస్తూ పోయేవి. రెండు జీబీలు దాటగానే 137. కోడ్‌లో తప్పు లేదు, ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, సర్వర్లో మాత్రం గంటకోసారి చస్తుంది. 2018లో జావా 10 దీన్ని సరిచేసింది. అదే ఏడాది అక్టోబరులో జావా 8కి 191వ అప్‌డేట్‌లో ఆ సవరణ వచ్చింది. బ్యాంకులూ బీమా కంపెనీలూ జావా 8ని అంత తొందరగా వదలవు కాబట్టి రెండోదే ఎక్కువమందిని కాపాడింది.

ఇప్పుడు ఒక టెంప్లేట్‌ను దగ్గరగా చూద్దాం. పైథాన్‌లో రాసిన చిన్న సేవ ఒకటి ఉందనుకుందాం. దాన్ని డాకర్‌లో కట్టే టెంప్లేట్, అంటే డాకర్‌ఫైల్, అయిదారు పంక్తులు మించదు. మొదటి పంక్తి “ఫ్రమ్”, ఏ పునాది ఇమేజ్ (ముందే కట్టి ఉంచిన ఫైళ్ళ మూట) మీద కడుతున్నామో చెబుతుంది. తర్వాత “కాపీ”, కావలసిన లైబ్రరీల జాబితా ఉన్న ఫైలును లోపలికి తెస్తుంది. తర్వాత “రన్”, ఆ జాబితా చదివి లైబ్రరీలను దించుకుంటుంది. మళ్ళీ ఒక “కాపీ”, ఈసారి మన కోడ్‌ను. చివర మొదలుపెట్టవలసిన ఆదేశం.

కొత్తవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, మంచి ప్రశ్నే: రెండుసార్లు కాపీ ఎందుకు, మొత్తం ఒకేసారి తెచ్చేస్తే పోదా? పోదు. డాకర్ ఒక్కో పంక్తి ఫలితాన్ని ఒక్కో పొరగా దాచుకుంటుంది. మళ్ళీ కట్టేటప్పుడు మారని పంక్తుల పొరలను దాచినచోటు నుంచే తీసుకుని, మొదటి మార్పు కనపడ్డ పంక్తి నుంచి కిందివన్నీ కొత్తగా చేస్తుంది. కోడ్ రోజుకు పదిసార్లు మారుతుంది, లైబ్రరీల జాబితా నెలకోసారి. జాబితాను పైన పెడితే కట్టడం సెకన్లలో అయిపోతుంది. అన్నీ కలిపి తెస్తే ఒక్క అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్ళీ దిగుతాయి. అమీర్‌పేటలో ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల డెవాప్స్ కోర్సు బోర్డులు లెక్కలేనన్ని. వాటిలో ఏది మంచిదని నన్నడిగితే, ఈ రెండు పంక్తుల వరుస ఎందుకో విద్యార్థి చేత చెప్పించేది మంచిదంటాను. ఫైలు కాపీ చేసుకోవడం ఎవరైనా నేర్పుతారు.

ఇలా కట్టిన ఇమేజ్ మారదు. దాన్ని నడిపినప్పుడు పైన ఒక పల్చని రాత పొర పరుస్తారు. అచ్చయిన అట్లాసు పేజీ మీద ట్రేసింగ్ పేపర్ వేసి పెన్సిలుతో గీసినట్టు, ప్రోగ్రాము రాసేవన్నీ పై పొర మీదే పడతాయి, కింది పేజీ చెక్కుచెదరదు. ఒకే పేజీ మీద వందమంది వంద కాగితాలు పరుచుకోవచ్చు. అందుకే ఒక ఇమేజ్ నుంచి వంద కంటైనర్లు లేపడానికి వంద కాపీల స్థలం అక్కర్లేదు. కంటైనర్‌ను తీసేస్తే ఆ కాగితమూ పోతుంది. అప్‌లోడ్ చేసిన ఫోటోలను కంటైనర్ లోపలే దాచిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి, కొత్త వెర్షన్ పెట్టిన మర్నాడు ఫోటోలేవని ఫోన్లు వచ్చేవరకు ఎవరికీ తెలియదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కింది పొరలో ఒకసారి పడింది పోదు. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును ఒక పంక్తిలో లోపలికి తెచ్చి, రెండు పంక్తుల తర్వాత తుడిచేస్తే తుడిచినట్టు కనిపిస్తుందంతే. ఇమేజ్ అందినవాళ్ళెవరైనా పొరలు విప్పి పాస్‌వర్డ్ చదువుకోవచ్చు. పునాది పంక్తిలో “లేటెస్ట్” అని రాసేవాళ్ళది మరో కథ. నిన్నటి లేటెస్ట్, ఇవాళ్టి లేటెస్ట్ ఒకటే అన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. కచ్చితమైన వెర్షన్ సంఖ్య, ఇంకా పట్టుదల ఉంటే ఇమేజ్ తాలూకు హ్యాష్ రాయాలి. హ్యాష్ కూడా కాపాడలేనిది ఒకటుంది. 2020 చివర ఆపిల్ ఎం1 ల్యాప్‌టాప్‌లు వచ్చాక, వాటి మీద కట్టిన ఇమేజ్‌ను ఇంటెల్ సర్వర్ల మీద పెట్టినవాళ్ళకు “ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్” ఎదురైంది. ప్రాసెసర్ జాతి వేరు. “నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది” అన్న మాటకు కంటైనర్లతో కాలం చెల్లిందని చెప్పుకున్న ఏడేళ్ళకే ఆ మాట మళ్ళీ వినబడింది.

ఒక కంటైనర్‌కు డాకర్‌ఫైల్ చాలు. వందలు నడపాలంటే పైన మరో టెంప్లేట్ కావాలి. 2014 జూన్‌లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటిస్ చేసే పని ఇది. దానికి ఇచ్చే ఫైలులో “ఈ పని చెయ్” అని ఉండదు, “ఇలా ఉండాలి” అని ఉంటుంది: మూడు ప్రతులు ఉండాలి, ఒక్కోదానికి 512 ఎంబీ మెమరీ, ఈ పోర్టు. కుబర్నెటిస్ రాసినదాన్నీ ఉన్నదాన్నీ పోల్చుకుంటూ, తేడా వస్తే సరిచేస్తూ ఉంటుంది. మూడింటిలో ఒకటి చస్తే ఇంకోటి లేపుతుంది. రాసింది తప్పయితే ఆ తప్పునూ అంతే నిష్ఠగా నిలబెడుతుంది. మొదట్లో చూసిన పాడ్ (కుబర్నెటిస్ కంటైనర్లను నడిపే పొట్లం) పడిపోతూ లేస్తూ ఉండటం ఆ నిష్ఠే. డెవలప్‌మెంటుకు, టెస్టింగుకు, ప్రొడక్షనుకు ఇదే ఫైలును మూడు రకాలుగా రాయకుండా, మారే అంకెలను విడి ఫైలులో పెట్టుకునే హెల్మ్ 2015లో వచ్చింది.

ఇక అన్నిటికీ అడుగున సర్వర్లూ నెట్‌వర్కులూ డేటాబేసులూ ఉండాలి కదా. వాటికీ టెంప్లేట్లే. అమెజాన్ 2011లో క్లౌడ్‌ఫార్మేషన్ తెచ్చింది, హాషికార్ప్ 2014లో టెర్రాఫార్మ్. నాకు ఈ మొత్తం గొలుసులో అన్నిటికంటే భయమూ గౌరవమూ కలిగించేది టెర్రాఫార్మ్ ప్లాన్. ఫైలులో మార్పు చేసి ప్లాన్ అడిగితే, అమలు చేయకుండానే, ఏం జరగబోతోందో చూపిస్తుంది. కొత్తవాటికి కూడిక గుర్తు, మారేవాటికి అల గుర్తు, పోయేవాటికి తీసివేత గుర్తు. అట్టడుగున ఒక్క పంక్తి: ఎన్ని చేరతాయి, ఎన్ని మారతాయి, ఎన్ని నాశనమవుతాయి. అనుభవజ్ఞుల కళ్ళు ముందు ఆ మూడో అంకె మీదికే పోతాయి.

ఆడిట్ వాళ్ళు డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అన్నారనుకోండి. అమెజాన్ ఆర్‌డీఎస్ టెంప్లేట్‌లో ఆ పంక్తిలో “ఫాల్స్” అని ఉంది, “ట్రూ” చేస్తే చాలనిపిస్తుంది. ప్లాన్ అడిగితే మాత్రం తీసివేతా కూడికా పక్కపక్కన కనబడతాయి, “మస్ట్ బీ రీప్లేస్డ్” అని ఉంటుంది. నడుస్తున్న ఆర్‌డీఎస్ డేటాబేస్‌ను ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేయడం కుదరదు. కాబట్టి పాతదాన్ని కూల్చి, అచ్చం అలాంటిదే ఎన్‌క్రిప్షన్‌తో కొత్తగా కట్టాలన్నది టెర్రాఫార్మ్ తీర్మానం. కొత్తదీ అదే సైజు, అదే పేరు, అవే అనుమతులు. లోపల ఒక్క వరుస డేటా ఉండదు. సరైన దారి స్నాప్‌షాట్ తీసి, దాని నకలును ఎన్‌క్రిప్ట్ చేసి, అందులోంచి కొత్త డేటాబేస్ లేపడం. అనుభవం ఉన్నవాళ్ళు ఇలాంటి వనరుల మీద ముందే “ప్రివెంట్ డిస్ట్రాయ్” అని రాసిపెడతారు. చదవకుండా “ఎస్” కొట్టే చేతులు ఎప్పుడూ ఉంటాయని వాళ్ళకు తెలుసు.

టెంప్లేట్ దగ్గర ఉన్నది నిర్మాణం. లోపల పేరుకున్నది దానికి తెలియదు. దీనికి టెక్సస్‌లోనే పెద్ద రుజువుంది. 2018 సెప్టెంబరు 4న శాన్ ఆంటోనియో దగ్గర పిడుగులు పడి, మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్‌లో వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి, చల్లబరిచే యంత్రాలు ఆగిపోయాయి. వేడెక్కిన పరికరాలు తమంతట తాము ఆగాయి, కొన్ని పాడయ్యాయి కూడా. అక్కడ నడిచే విజువల్ స్టూడియో టీమ్ సర్వీసెస్ అనే సేవ, అదే నెలలో అజూర్ డెవాప్స్ అని పేరు మార్చుకున్నది, ఆ ప్రాంతపు ఖాతాదారులకు 21 గంటలకు పైగా అందలేదు. వేరే చోట యంత్రాలు లేపే స్తోమత మైక్రోసాఫ్ట్‌కు లేదా? ఉంది. దూరపు డేటా సెంటర్‌కు డేటా నకలు కొద్ది ఆలస్యంతో చేరుతుంది. హడావుడిగా అటు మళ్ళితే చివరి క్షణాల్లో ఖాతాదారులు దాచిన పని పోవచ్చు. ఇంజనీర్లు డేటా పోగొట్టడం కంటే సేవ ఆలస్యమవడమే నయమనుకున్నారు. తర్వాత ఆ నిర్ణయాన్ని బహిరంగంగా వివరించారు కూడా. తిట్లు తిన్నా, నా లెక్కలో వాళ్ళది సరైన పని.

అందుకే జాగ్రత్తపడే టీమ్‌లు టెస్టింగ్ వాతావరణాన్ని అప్పుడప్పుడు కావాలనే మొత్తం చెరిపేసి టెంప్లేట్లతో మళ్ళీ కడతాయి. మొదటిసారి కట్టినప్పుడు బయటపడేవి చూడాలి. ఎవరో అర్ధరాత్రి కన్సోల్‌లో మౌస్‌తో క్లిక్ చేసి తెరిచిన ఫైర్‌వాల్ పోర్టు ఏ ఫైలులోనూ ఉండదు. సర్టిఫికెట్ ఉద్యోగం మానేసిన వ్యక్తి ఈమెయిల్‌కు ముడిపడి ఉంటుంది. ఎదుటి బ్యాంకు తన వైపు అనుమతించింది పాత ఐపీ చిరునామాను, కొత్తది ఎక్కించాలంటే వాళ్ళ ఫారం నింపి పది రోజులు ఆగాలి. ఇలా రాసినదానికీ ఉన్నదానికీ మధ్య పెరిగే దూరాన్ని ఈ వృత్తిలో డ్రిఫ్ట్ అంటారు. ఏ సాధనమైనా తన కంటికి కనిపించే డ్రిఫ్ట్‌నే పట్టుకుంటుంది. ఎదుటి బ్యాంకు ఫారం దాని కంటికి ఎలా కనిపిస్తుంది?

ప్రాంతం మారినప్పుడు ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 2022 నవంబరు 22న అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. ఒహాయోలో నడుస్తున్న వ్యవస్థను అక్కడ లేపడానికి టెంప్లేట్‌లో ప్రాంతం పేరున్న ఒక్క పంక్తి “ఏపీ-సౌత్-2” అని మారిస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. 2019 మార్చి తర్వాత తెరిచిన ప్రాంతాలు ఖాతాలో మూసి ఉంటాయి, యజమాని వెళ్ళి తెరవాలి. రెండోది, సర్వర్ ఇమేజ్ గుర్తింపు సంఖ్య ఒక్కో ప్రాంతంలో ఒక్కోటి. ఒహాయో సంఖ్యను నేరుగా రాసిన టెంప్లేట్ హైదరాబాద్‌లో అలాంటి ఇమేజే లేదంటుంది. సంఖ్యను రాయకుండా, పేరును బట్టి వెతుక్కోమని రాసిన టెంప్లేట్ దాటిపోతుంది.

అవి దాటాక ఎదురయ్యేది టెంప్లేట్ భాషలో రాయలేనిది. 2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల డేటా మొత్తం భారతదేశంలోనే నిల్వ ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరు 15 దాకా గడువిచ్చింది. విదేశీ లావాదేవీల్లో విదేశీ భాగానికి మాత్రం అవసరమైతే బయట ఒక నకలు ఉంచుకోవచ్చు. అంటే పేమెంట్ పాడ్ టెంప్లేట్ రెండు దేశాల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండొచ్చు గాని, అది రాసే డేటాబేస్ నకలు, లాగ్ ఫైళ్ళు, చివరికి లోపం వెతకడానికి తీసే మెమరీ డంప్ ఎక్కడికి వెళుతున్నాయో మనిషి చూసుకోవాలి. తెలిసిన టీమ్‌లు ఈ నిల్వల వివరాలను యంత్రాల టెంప్లేట్‌లో కలపవు. విడి ఫైలులో, విడి అనుమతులతో పెడతాయి. అందులో ఒక్క పంక్తి మార్చాలన్నా ఇద్దరు చదివి సంతకం చేయాల్సిందే, ఆ ఇద్దరిలో ఒకరు చట్టం తెలిసినవారై ఉంటారు.